ఏడాది దాటితే ఎనిమిది లక్షలు గల్లంతు
రైలు ప్రమాద బాధితులకు చట్టమిచ్చిన హక్కు పల్లెలకు చేరడం లేదు

విజయనగరం: జిల్లాను మూడు రైలు దారులు కోస్తున్నాయి. కొత్తవలస నుంచి విజయనగరం, చీపురుపల్లి మీదుగా శ్రీకాకుళం వైపు పోయేది ఒకటి. గజపతినగరం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం పోయేది రెండవది. శృంగవరపుకోట దాటి అరకు కొండలెక్కేది మూడవది. కోతలు, నూర్పులు అయిపోగానే పనుల కోసం విజయవాడ, హైదరాబాదు, మద్రాసు వెళ్లే కూలీజనం ఈ బండ్ల మీదనే ఆధారపడి వున్నారు. వారు ఎక్కేది జనరల్ పెట్టె. అందులో కూర్చోవడానికి చోటుండదు. మూటలు లోపల వేసి మనుషులు తలుపు దగ్గర నిలబడతారు. రాత్రివేళ కునుకు పట్టి చెయ్యి జారితే ప్రాణం పట్టాల పక్కన పోతుంది.

అలా పోయిన మనిషి శవం ఏ తుని దగ్గరో, ఏ ఏలూరు దగ్గరో దొరుకుతుంది. కబురందుకున్న బంధువులు చందాలు వేసుకుని వెళ్తారు. పంచనామా కాగితం మీద సంతకాలో వేలిముద్రలో వేస్తారు. శవాన్ని తెచ్చుకుని కార్యం జరిపిస్తారు. చాలా కుటుంబాలలో వ్యవహారం అంతటితో ముగిసిపోతున్నది. "పోయినోడు పోయేడు. రైలు మీద కేసెడితే గెలుత్తామా బావూ" అన్న మాట పల్లెల్లో సర్వసాధారణం.

అయితే రైలు మీద కేసు పెట్టవచ్చును. గెలవవచ్చును కూడా. టిక్కెట్టు కొని ప్రయాణం చేస్తూ రైలు నుంచి ప్రమాదవశాత్తు పడి చనిపోయిన మనిషి కుటుంబానికి 8 లక్షల రూపాయలు ఇవ్వవలసిన బాధ్యత రైల్వే మీద వున్నది. ఇది ఎవరో దయ తలిచి ఇచ్చే సొమ్ము కాదు. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం దక్కే హక్కు. దరఖాస్తు మాత్రం ప్రమాదం జరిగిన ఏడాది లోపల పెట్టుకోవాలి.

తప్పెవరిదని అడగని చట్టం

తెల్లవారి హయాంలో 1890లో చేసిన రైల్వే చట్టం సుమారు నూరేళ్లు నడిచింది. మొదట్లో ప్రమాదంలో మనిషి చనిపోతే వారసులు సివిల్ కోర్టుకెక్కి, రైల్వేవారి తప్పు వలననే ఇది జరిగిందని రుజువు చేసుకోవలసి వచ్చేది. సిగ్నల్ పాడైందో, డ్రైవరు నిద్రపోయాడో ఊళ్లో వున్న వితంతువు ఎలా రుజువు చేస్తుంది? ఈ ఇబ్బంది గమనించి 1943లో ఆ చట్టానికి కొత్త సెక్షను చేర్చారు. రైలు ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదైనా సరే ప్రయాణికునికి నష్టపరిహారం ఇవ్వాలన్నారు. అప్పట్లో ఆ మొత్తం 10 వేల రూపాయలకు మించకూడదని పరిమితి పెట్టారు.

పాత చట్టం స్థానే వచ్చిన 1989 నాటి రైల్వే చట్టం 1990 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 124వ సెక్షను రైళ్లు ఢీకొనడం, పట్టాలు తప్పడం వంటి పెద్ద ప్రమాదాలకు వర్తిస్తుంది. ఆ ప్రమాదాలలో ప్రయాణికుని వెంట వున్న సామాను పోయినా, పాడైనా దానికి కూడా పరిహారం కోరవచ్చును.

పల్లెవాసులకు ఎక్కువగా పనికివచ్చేది మాత్రం 124-ఎ సెక్షను. ఇది 1994 ఆగస్టు 1 నుంచి వచ్చింది. బండికి ఏమీ కాకపోయినా, బండిలోని మనిషి ప్రమాదవశాత్తు కింద పడితే పరిహారం ఇవ్వాలని ఈ సెక్షను చెబుతున్నది. బండిలో గాని స్టేషను ఆవరణలో గాని దోపిడీ, దొమ్మీ, కాల్పులు, గృహదహనం వంటి దుర్ఘటనలు జరిగి ప్రయాణికుడు గాయపడినా, చనిపోయినా ఇదే వర్తిస్తుంది. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని చుట్టాన్ని బండి ఎక్కించడానికి వెళ్లినవారు కూడా ఈ సెక్షను కింద ప్రయాణికులే.

జిల్లా చూసిన ప్రమాదాలు

చట్టంలోని తేడాపాడాలు తెలియాలంటే దూరం పోనక్కరలేదు. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి - అలమండ స్టేషన్ల మధ్య ఆగి ఆగి పోతున్న విశాఖ - పలాస పాసింజరును వెనుక నుంచి వచ్చిన విశాఖ - రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో రాయగడ బండి డ్రైవరు కూడా వున్నారు. పాడైన సిగ్నళ్ల దగ్గర నిబంధన ప్రకారం ఆగకుండా బండి ముందుకు పోయిందని విచారణలో తేలింది. డ్రైవరు పొరపాటా, సిగ్నళ్లను అలా వుంచినవారి పొరపాటా అని ఆ తర్వాత ఎంతో చర్చ నడిచింది. బాధితులకు ఆ చర్చతో నిమిత్తం లేదు. ప్రయాణికులందరూ 124వ సెక్షను కిందకు వస్తారు. డ్యూటీలో వున్న రైల్వే ఉద్యోగిని సైతం ఆ సెక్షను ప్రయాణికునిగానే లెక్కిస్తుంది. కాకపోతే ఉద్యోగి కుటుంబం కార్మికుల పరిహార చట్టం కింద ఒకసారి, రైల్వే చట్టం కింద ఇంకొకసారి పుచ్చుకోవడానికి వీలులేదు.

ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో వున్న కూనేరు స్టేషను దగ్గర 2017 జనవరి 21 రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. 40 మంది వరకు మరణించారు. మరణానికి 4 లక్షలుగా వున్న పరిహారాన్ని 8 లక్షలకు పెంచిన ఉత్తర్వు అమలులోకి వచ్చింది అదే నెల మొదటి తేదీన. మూడు వారాల తేడాలో ఆ కుటుంబాలకు రెట్టింపు మొత్తం వర్తించింది.

ఈ రెంటికీ భిన్నమైనవి గొట్లాం, బాతువ ఘటనలు. 2013 నవంబరు 2న గొట్లాం దగ్గర ఎక్స్‌ప్రెస్ బండిలో నిప్పంటుకున్నదన్న కేకలు విని ప్రయాణికులు గొలుసు లాగి చీకట్లో కిందికి దూకారు. పక్క పట్టా మీద వచ్చిన పాసింజరు వారిలో కొందరిని బలిగొన్నది. శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర 2022 ఏప్రిల్ 11 రాత్రి కూడా అదే జరిగింది. పొగ వచ్చిందని దిగి పట్టాల మీద నిలబడినవారిని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టడంతో ఐదుగురు చనిపోయారు. ఇటువంటి సందర్భంలో మనిషి బండి నుంచి పడలేదు, తానే దిగి పట్టా మీదకు పోయాడని రైల్వే తరఫున వాదించడానికి సందు దొరుకుతుంది. ప్రాణభయంతో దిగిన ప్రయాణికుడే గాని అతిక్రమణదారు కాదని కుటుంబం వారు వాదించుకోవాలి. అందుకు చేతిలోని టిక్కెట్టు, బండి ఎందుకు ఆగిందో చెప్పే రికార్డు కీలకమవుతాయి. బండి దారిలో ఆగినప్పుడు రెండవ పట్టా వున్న పక్కకు దిగరాదని పెద్దలు పిల్లలకు నేర్పడం ఈ వాదనలన్నిటి కంటే మేలు.

ఎంత ఇస్తారు

మరణానికి 1990లో 2 లక్షల రూపాయలుగా వున్న పరిహారం 1997 నవంబరు 1 నుంచి 4 లక్షలు, 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు అయింది. చనిపోయిన మనిషి కలెక్టరైనా, కళాసీ అయినా మొత్తం ఒక్కటే. మోటారు ప్రమాదాల కేసులలో మాదిరిగా వయసెంత, సంపాదన ఎంత అని లెక్కలు కట్టరు. ఆదాయానికి కాగితాలు చూపలేని కూలివానికి ఇది ఒకందుకు మేలే. పదిమందిని పోషించే మనిషి పోయిన ఇంటికి మాత్రం ఆ మొత్తం చాలీచాలనిదిగా వుంటుంది. ఎనిమిదేళ్లకు పైగా ధరలు పెరుగుతూ పోయినా 8 లక్షలు అక్కడే నిలిచిపోయినది.

గాయాలకు రూల్సులో పట్టిక వున్నది. రెండు చేతులు పోయినా, ఒక చెయ్యి ఒక కాలు పోయినా, ఏ పనీ చేసుకోలేనంతగా చూపు పోయినా మరణంతో సమానంగా 8 లక్షలు ఇవ్వాలి. భుజం కీలు దగ్గర చెయ్యి తీసివేయవలసి వస్తే 7 లక్షల 20 వేలు. బొటనవేలు పోతే 2 లక్షల 40 వేలు. పట్టికలో లేని గాయాలకు ట్రిబ్యునల్ తనకు సబబని తోచిన మొత్తం నిర్ణయిస్తుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, ఆపరేషను వివరాలు, తర్వాత ప్రభుత్వ వైద్యులిచ్చే అంగవైకల్య ధ్రువపత్రం జాగ్రత్త చేసుకోవాలి. ఏ అంగం ఎంతవరకు పోయిందన్న దానిపైనే సొమ్ము ఆధారపడి వుంటుంది.

ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు

ప్రమాదస్థలానికి అధికారులు వచ్చి చేతిలో పెట్టే సొమ్మే పరిహారమని చాలామంది భ్రమపడుతున్నారు. అది ఎక్స్‌గ్రేషియా. రైల్వే బోర్డు 2023 సెప్టెంబరు 18 నుంచి దీనిని పెంచింది. రైలు ప్రమాదంలో గాని, కాపలా వున్న గేటు దగ్గర రైల్వే తప్పు వలన జరిగిన ప్రమాదంలో గాని చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే 2 లక్షల 50 వేలు, స్వల్ప గాయాలకు 50 వేలు ఇస్తారు. రైలు నుంచి పడిపోవడం వంటి ఘటనలలో మరణానికి లక్షా 50 వేలు, తీవ్ర గాయాలకు 50 వేలు, స్వల్ప గాయాలకు 5 వేలు. పెద్ద ప్రమాదాలలో మంత్రులు ఇంతకంటే ఎక్కువ ప్రకటించడం కద్దు. కంటకాపల్లి ప్రమాదంలో మృతుల కుటుంబాలకు రైల్వే మంత్రి 10 లక్షలు ప్రకటించారు.

ఈ సొమ్ము పుచ్చుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు పోదు. చట్టప్రకారం రావలసిన పరిహారంలో దీనిని విరగ్గోయరు. "ఇచ్చేశారు కదా, ఇంకేం వస్తుంది" అని ఊరుకున్నవారే నష్టపోతున్నారు.

ఇంటర్నెట్టులో రిజర్వేషను టిక్కెట్టు కొనేవారికి ఇంకొక సౌకర్యం వున్నది. రూపాయి కంటే తక్కువ ప్రీమియంతో 10 లక్షల వరకు ప్రయాణ బీమా చేస్తారు. అది పరిహారానికి అదనం. తలుపు దగ్గర నిలబడి వెళ్లే జనరల్ పెట్టె ప్రయాణికునికి, అంటే అందరికంటే ఎక్కువ అపాయంలో వున్నవానికి, ఆ బీమా లేదు.

టిక్కెట్టు దొరకలేదంటే

కేసులలో మొదట వచ్చే చిక్కు టిక్కెట్టు. పట్టాల పక్కన పడిన మనిషి చొక్కా జేబులో టిక్కెట్టు దొరకడం అదృష్టం. రక్తంలో తడిసి చిరిగిపోవచ్చు. గాలికి ఎగిరిపోవచ్చు. జేబులో డబ్బుతో పాటు ఎవరో తీసుకునిపోవచ్చు. టిక్కెట్టు లేదు కాబట్టి ప్రయాణికుడే కాదని రైల్వే న్యాయవాదులు వాదించడం రివాజు.

ఈ వాదానికి సుప్రీంకోర్టు 2018 మే 9న రీనాదేవి కేసులో సమాధానం చెప్పింది. టిక్కెట్టు దొరకనంత మాత్రాన దరఖాస్తు కొట్టివేయరాదన్నది. మనిషి ఫలానా స్టేషనులో టిక్కెట్టు కొని ఫలానా బండి ఎక్కాడని కుటుంబం వారు ప్రమాణపత్రం దాఖలు చేస్తే, అప్పుడు కాదని రుజువు చేయవలసిన భారం రైల్వే మీద పడుతుంది. అయితే పట్టాల పక్కన శవం దొరికింది కాబట్టి ప్రయాణికుడే అయివుంటాడని కూడా ఊరికే అనుకోరాదని అదే తీర్పు చెప్పింది. అంచేత ప్రమాణపత్రంలో రాసే సంగతులకు ఆధారాలు కావాలి. స్టేషనుకు దింపిన ఆటో మనిషి, బండి ఎక్కించిన తమ్ముడు, అదే పెట్టెలో వెళ్లిన ఊరివాళ్లు - ఇటువంటివారి సాక్ష్యం విలువైనది. టిక్కెట్టు సెల్‌ఫోనులో తీసివుంటే ఫోను పగిలిపోయినా ఆ నంబరు మీద కొన్న వివరం తెలుసుకునే వీలుంటుంది. ఊరి నుంచి ముఠాగా వెళ్లేవారు అందరి టిక్కెట్లూ మేస్త్రీ దగ్గరే వుంచుకోవడం కద్దు. అలా చేసినప్పుడు ఎన్ని టిక్కెట్లు, ఎవరెవరికి అన్నది ఇంకొకరి దగ్గర కూడా రాసివుంటే రేపు సాక్ష్యానికి పనికివస్తుంది.

రెండవ చిక్కు నిర్లక్ష్యం. తలుపు దగ్గర ఎందుకు నిలబడ్డాడు, కదులుతున్న బండి ఎందుకు ఎక్కాడు అని అడుగుతారు. కేరళలో బండి ఎక్కబోయి పడి మరణించిన మహిళ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఎక్కేటప్పుడు పడినా అది ప్రమాదవశాత్తు పడడమే అన్నది. ఈ చట్టం బీదసాదల మేలు కోసం చేసినది గనుక దానికి విశాలమైన అర్థం చెప్పాలన్నది. తలుపు దగ్గర నిలబడి పడిపోయిన మనిషి విషయంలో 2010లో జమీలా కేసు వచ్చింది. అజాగ్రత్త వేరు, నేరం వేరు అని, అజాగ్రత్తగా నిలబడ్డాడని పరిహారం ఎగవేయడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. రీనాదేవి తీర్పు కూడా ఈ దారినే నడిచింది.

ఎవరికి రాదు

చట్టంలో మినహాయింపులు వున్నాయి. ఆత్మహత్య చేసుకున్నా, చేసుకోబోయినా, కావాలని గాయం చేసుకున్నా పరిహారం లేదు. తాను చేసిన నేరం వలన ప్రమాదం జరిగినా లేదు. తాగిన మత్తులోనో, మతి చలించిన స్థితిలోనో చేసిన పని వలన పడినా రాదు. ప్రయాణంలో గుండె ఆగి సహజంగా చనిపోయినా రాదు.

బండి ఎక్కనివాడు పట్టాలు దాటుతూ చనిపోతే కూడా ఈ చట్టం కింద పరిహారం రాదు. పొలానికి పోతూ, పశువులను తోలుకొస్తూ, బహిర్భూమికి పోతూ పట్టా దాటేవారిని చట్టం అతిక్రమణదారులుగా చూస్తుంది. వారికి ఎక్స్‌గ్రేషియా కూడా లేదు. పట్టాకు ఆవల పొలం, ఈవల ఇల్లు వున్న రైతుకు ఇది కఠినంగానే తోస్తుంది. గేట్లు తీసి కట్టిన అండర్‌పాసులలో వర్షాకాలం నీళ్లు నిలిస్తే జనం మళ్లీ పట్టాల మీదికే వస్తున్నారు. ఆ నీళ్ల సంగతి చూడవలసినవారు చూడకుండా, దాటినవారినే తప్పు పట్టడం ఎంతవరకు న్యాయమో ఆలోచించవలసి వున్నది.

పంచనామా దగ్గరే సగం కేసు

ఈ కేసులు నడిపే న్యాయవాదులు ముందుగా చూసేది పంచనామా, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు. ఇవి శవం దొరికిన ఒకటి రెండు రోజులలోనే తయారవుతాయి. ఆ సమయంలో కుటుంబం వారు ఏడుపులో వుంటారు. ఎవరేం రాస్తున్నారో చూసుకునే స్థితి వుండదు. "పట్టాలు దాటుతూ బండి తగిలి" అని ఒక్క ముక్క రాసివుంటే ట్రిబ్యునల్‌లో దానిని తిరగదోడటం చాలా కష్టం. "ఇంట్లో గొడవపడి వెళ్లాడు" అని ఎవరో దూరపు చుట్టం నోరు జారితే అది ఆత్మహత్య వాదానికి ఆధారమవుతుంది. తాగే అలవాటు వుందని పనిగట్టుకుని చెప్పేవారూ వుంటారు.

కాబట్టి కబురు అందగానే వెళ్లేవారిలో చదువుకున్న మనిషి ఒకరుండాలి. మనిషి ఎక్కడ నుంచి ఎక్కడికి, ఏ బండిలో, ఎవరితో బయలుదేరాడో రైల్వే పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో స్పష్టంగా చెప్పాలి. రాసినది చదివించుకుని, సరిగా వుంటేనే సంతకం చేయాలి. ఒంటి మీద దొరికిన సామాను జాబితాలో టిక్కెట్టు, సెల్‌ఫోను, డబ్బు వున్నాయో లేదో చూసుకోవాలి. తోటి ప్రయాణికులు మనిషి పడిన సంగతి గార్డుకో, తర్వాతి స్టేషను మాస్టరుకో, 139 నంబరుకో వెంటనే చెబితే ఆ కబురు రికార్డులో నమోదవుతుంది. అటువంటి రికార్డు ఒకటి వుంటే, పడిపోలేదనడం రైల్వేకు కష్టమవుతుంది. మనిషి పడితే గొలుసు లాగడానికి జనం జంకుతున్నారు. సరియైన కారణం లేకుండా లాగితేనే నేరం. మనిషి పడిపోవడం కంటే సరియైన కారణం మరొకటి వుండదు.

ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం కాగితాల నకళ్లు రైల్వే పోలీసు స్టేషను నుంచి తెచ్చుకోవాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జతపరచాలి. పేర్లలో తేడాలు లేకుండా చూసుకోవడం ముఖ్యం. రేషను కార్డులో ఒక పేరు, ఆధారులో మరొక పేరు వుండి సొమ్ము చేతికందక తిప్పలు పడేవారున్నారు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి

రైలు ప్రమాదాల పరిహారం కోసం మామూలు కోర్టులకు వెళ్లనక్కరలేదు. 1987 నాటి చట్టం కింద రైల్వే క్లెయిముల ట్రిబ్యునల్ ఏర్పడి 1989 నవంబరు 8 నుంచి పనిచేస్తున్నది. సికింద్రాబాదు, భువనేశ్వర్‌లలో దీని బెంచీలు వున్నాయి. టిక్కెట్టు కొన్న చోటు, ప్రమాదం జరిగిన చోటు, చేరవలసిన స్టేషను, దరఖాస్తుదారు నివాసం - వీటిలో ఏది ఏ బెంచి పరిధిలోకి వస్తే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చును. ఏలూరు దగ్గర ప్రమాదం జరిగిందని ఏలూరు చుట్టూ తిరగవలసిన పనిలేదు.

గాయపడినవారు తామే దరఖాస్తు చేసుకోవాలి. చనిపోయినవారి తరఫున భార్య, భర్త, కొడుకులు, కూతుళ్లు పెట్టవచ్చును. పెళ్లికాని మనిషి చనిపోతే తల్లిదండ్రులు పెట్టాలి. అతని సంపాదన మీద బతికిన తల్లిదండ్రులు, మైనరు తమ్ముడు, పెళ్లికాని చెల్లెలు, భర్త పోయిన అక్క, భర్త పోయిన కోడలు కూడా చట్టం దృష్టిలో ఆశ్రితులే. మైనరు పిల్లలుంటే సంరక్షకులు వారి తరఫున సంతకం చేయాలి. కేసు తేలేలోగా ఇల్లు గడవకపోతే మధ్యంతర సాయం ఇమ్మని రైల్వేను కోరడానికి 126వ సెక్షను వీలు కల్పిస్తున్నది. ఆ సెక్షను వుందన్న సంగతే ఎవరూ చెప్పరు.

ఏడాది దాటిన తర్వాత దరఖాస్తు పెట్టినా, ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మన్నించవచ్చును. చదువు లేకపోవడం, శవాన్ని గుర్తుపట్టడంలో ఆలస్యం వంటివి చెప్పుకోవచ్చు గాని మన్నిస్తారన్న భరోసా లేదు. ట్రిబ్యునల్‌లో ఓడిపోతే 90 రోజులలో హైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి. కేసులు సంవత్సరాల తరబడి నడవడం వున్నదే. అయితే ఆలస్యమైనందుకు వడ్డీ కలుస్తుంది. 2017కు ముందు జరిగిన ప్రమాదమైతే అప్పటి మొత్తం వడ్డీతో కలిపి ఎంతవుతుందో, తీర్పునాటి మొత్తం ఎంతో చూసి, వాటిలో ఎక్కువది ఇవ్వాలని రీనాదేవి కేసులోనే సుప్రీంకోర్టు నిర్ణయించింది.

పరిహారం వస్తుందన్న వాసన తగలగానే ఇంటి ముందు వాలే దళారులు వుంటారు. సగం మాకు, సగం మీకు అని బేరం పెట్టి తెల్లకాగితాల మీద వేలిముద్రలు తీసుకుంటారు. దళారుల అవసరమే లేదు. ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం వున్నవారికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఏర్పాటు చేసే న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే వున్నది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. భర్తను పోగొట్టుకున్న భార్యకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆడమనిషి అయినందుకే ఈ సాయం దక్కుతుంది.

గేట్ల దగ్గర జరిగితే

రైలు గేటు దగ్గర ఆటోనో, బస్సునో, ట్రాక్టరునో బండి ఢీకొంటే దారి వేరు. ఆటోలోని మనిషి రైలు ప్రయాణికుడు కాడు కనుక రైల్వే ట్రిబ్యునల్ అతని దరఖాస్తు తీసుకోదు. అతను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు, అంటే జిల్లా కోర్టుకు వెళ్లాలి. వాహనం యజమాని, బీమా కంపెనీతో పాటు రైల్వేను కూడా ప్రతివాదిగా చేర్చవచ్చునని సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. రాకపోకలు ఎక్కువగా వున్న చోట గేటు పెట్టకపోవడం, కాపలా వుంచకపోవడం రైల్వే నిర్లక్ష్యం కిందకు రావచ్చునని ఆ తీర్పు సారాంశం. ఇక్కడ వయసు, సంపాదన లెక్కలోకి వస్తాయి. 8 లక్షల పరిమితి లేదు. తప్పు ఎవరిదన్న విచారణ మాత్రం తప్పదు.

తెలంగాణలోని మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర 2014 జూలై 24న కాపలా లేని గేటు దాటుతున్న బడిబస్సును పాసింజరు బండి ఢీకొని పసిపిల్లలు బలి అయ్యారు. ఆ తర్వాతనే కాపలా లేని గేట్ల తొలగింపు ఊపందుకున్నది. 2019 జనవరి నెలాఖరు నాటికి బ్రాడ్‌గేజి దారులలో అటువంటి గేటు ఒక్కటీ లేకుండా చేశామని రైల్వేశాఖ ప్రకటించింది. కాపలా వున్న గేట్ల దగ్గర మాత్రం ప్రమాదాలు ఆగలేదు. 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు జిల్లాలో బడివ్యానును రైలు ఢీకొని ముగ్గురు పిల్లలు చనిపోయింది కాపలా వున్న గేటు దగ్గరే.

గేటు ప్రమాదాల కేసులకు గడువు ఇంకా తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు మీద పైకోర్టులలో వివాదం నడిచింది గాని, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయడం మంచిది కాదు. పెద్దకర్మ అయిన వారం లోపలే కాగితాలు పట్టుకుని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లడం క్షేమం.